సోమవారం తిన్న మురుకులు

కరీంనగర్ నుంచి ఖానాపూర్ పోయే బస్సుల నా పక్కన ఒక ముసలవ్వ కూసున్నది. బస్సు కదలంగనే డబ్బా మూత తీసి, "తిను బిడ్డా" అని మురుకులు నా ముందట పెట్టింది.

"నాకు షుగర్ ఉన్నదవ్వా. నాలుగేండ్ల సంది మురుకులు ముట్టలే."

"నాకు లేదా? గివి షుగరోళ్ల కోసమే చేసిన" అని తనూ రెండు తిన్నది.

ఇగ నేను ఆగుతనా! కరకర మూడు నమిలిన. అప్పుడడిగిన, ఏం పిండి కలిపినవని.

"గోదావరి చేపలు బిడ్డా. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి ఎక్కువ గదే కలుపుత. బియ్యప్పిండి జరంతే."

"అయ్యో, ఇయ్యాల సోమవారం!" అని మొత్తుకున్న. వేములవాడ రాజన్నకు మొక్కుకున్న కాడికెళ్లి సోమవారం నీసు ముట్ట. బస్సంతా నవ్వింది.

అవ్వ నవ్వలే. "తెలువక తింటే రాజన్న ఏమనడు" అన్నది.

మెట్‌పల్లి దాటినంక, తిని రెండు గంటలైందని సంచిలకెళ్లి షుగర్ చూసే మిషిన్ తీసింది. ఊగే బస్సులనే వేలు గుచ్చుకొని, "నాకు కండ్లు సక్కగ కనబడయి, నువ్వు చదువు" అని నాకిచ్చింది. చదివి సీట్ల నుంచి లేచి నిలబడ్డ. పొద్దున పరిగడుపున నాకొచ్చిన అంకె కన్నా తక్కువున్నది! కండక్టర్ గూడ వంగి చూసిండు.

"గోలీలు మాత్రం మానకు" అని, గోదావరి బ్రిడ్జి దాటంగనే దిగిపోయింది. పేరు అడగనే లేదు.

ఇప్పుడు మా ఇంట్ల అవ్వ చెప్పినట్టు చేసిన మురుకుల డబ్బా ఎప్పుడూ నిండుగనే ఉంటది. ఆదివారం రాత్రి దాన్ని పక్కింట్ల పెట్టొస్త. మంగళవారం తెల్లారకముందే పోయి వాళ్ల తలుపు కొడుత.