చవుడు మిద్దె

నల్గొండలో మాది మట్టి మిద్దె. దూలాల మీద కర్రలు పరిచి, పైన మందంగా చవుడు మట్టి పోసిన కప్పు. బాపును కన్నతల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్లం. ఏటా వానలకు ముందు అవ్వే పైకెక్కి కొత్త చవుడు పోయించి, కాళ్లతో తొక్కేది. ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపులు, కిటికీలు బిగించి చీకట్లో పడుకునేవాళ్లం. చల్లగా ఉండేది. ఆ చల్లదనం విలువ నాకేం తెలుసు! అన్నంలో మన్ను రాలుతుందని ఒళ్లు మండేది.

"అందరియి స్లాబు ఇండ్లు. మనదే గిట్ల," అని బాపు ప్రాణం తోడేశాను. నా నోట మన్ను పడ! నేను ఏడో తరగతిలో ఉండగా మిద్దె కూల్చి స్లాబు వేయించాడు. అడ్డమొస్తోందని వాకిట్లోని వేపచెట్టునూ కొట్టించాడు. ఎనభైల చివర మా వాడకట్టంతా అదే వరస. చెట్లు పోయాయి, గాలికి సందు లేకుండా స్లాబులు లేచాయి.

"ఇగ మట్టి తొక్కుడు తప్పిందవ్వా," అన్నాడు బాపు.

మరుసటి మే నెల. బాపు ఆఫీసులో ఉన్నాడు, అమ్మ ఎవరిదో పెళ్లికి వెళ్లింది. కరెంటు లేదు. నేను దోస్తు ఇంటికి పోతూ అవ్వ పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, అలవాటు కొద్దీ కిటికీలన్నీ మూశాను. తలుపు లాగుతుంటే అవ్వ అంది, "గట్టిగ ముయ్యి బిడ్డా, సల్లగుంటది."

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి బాపు అప్పుడే వచ్చి తలుపు తీస్తున్నాడు. సెగ మొహాన కొట్టింది. అవ్వ ఒళ్లు పెనంలా కాలుతోంది. అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రుద్ది, తడిబట్ట చుట్టి రిక్షా ఎక్కించాం. దవాఖాన చేరేలోపే అవ్వ పోయింది.

"ఇంట్లున్న మనిషికి వడదెబ్బేంది?" అని వచ్చినవాళ్లంతా అడిగారు.

"తలుపులెవలు మూసిన్రు?" అన్నాడు బాపు.

"ఆమెనే మూసుకున్నట్టున్నది. పాత అలవాటాయె," అంది అమ్మ.

నేను తల దించుకున్నాను.

తర్వాత బాపు ఏ ఎండాకాలమూ మధ్యాహ్నం తలుపు వేయనివ్వలేదు. గడపలో కూర్చుని ఒకటే మాట అనేవాడు: "స్లాబేసి మా అవ్వను నేనే సంపుకున్న." ఆయన పోయేదాకా, ఏటేటా పక్కనే కూర్చుని విన్నాను. కాదు బాపూ, తలుపు మూసింది నేను అని ఒక్కసారి కూడా అనలేకపోయాను.