తాతయ్య తగలబెట్టిన నారుమడి

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా తాతయ్య పొగాకు నారుమడికి నిప్పు పెడితే, నేను ఊరంతా వినపడేలా ఏడ్చాను. మార్టూరు పక్కన మా పల్లె. ఆ మడిలో ఒక మూల నేను రోజూ చెంబుతో నీళ్ళు పోసి పెంచుకున్న బంతి మొలకలున్నాయి. వాటిని కూడా చూడకుండా ఎండుకంప, ఊక పరిచి తగలబెట్టేశాడు. తాతయ్యంటే నాకెంత ప్రాణమో ఆ పూట అంత కోపం వచ్చింది.

నిజానికి ఆయన ఊరికే నిప్పు దాకా రాలేదు. అంతకు ముందటేడు నారుకు తెగులొస్తే చెడిన మొక్కలు ఏరించాడు, మందు కొట్టించాడు, మందు మార్చి చూశాడు. అయినా లొంగలేదు. "మట్టి చావదే పిచ్చిదానా, అందులో నక్కిన తెగులు చచ్చుద్ది. ఏడవమాక" అన్నాడు, నా ముక్కు తన కండువాతో తుడుస్తూ.

బూడిద చల్లారాక మడి సిద్ధం చేసి, ఇసుకలో కలిపిన కొత్త విత్తనం నా చేత చల్లించాడు. ఆ తర్వాత ఆయన కాసిన కాపలా చూడాలి! లేత నారుకు ఏ జబ్బయినా ఇట్టే అంటుకుంటుందని, చుట్టలోని పొగాకులోనూ తెగులు దాగి ఉంటుందని, చుట్ట తాగిన చేతుల్తో ఎవరినీ మడి దగ్గరికి రానివ్వలేదు. సాక్షాత్తు వియ్యంకుడొస్తే గట్టు మీదే ఆపి సబ్బుతో చేతులు కడిగించాడు. ఆ వియ్యంకుడు ముఖం మాడ్చుకుని భోంచేయకుండా వెళ్ళిపోయాడు. నారు మాత్రం పచ్చగా లేచింది.

ఈ సంగతి మళ్ళీ నాకు అక్కరకొచ్చింది, ఈమధ్యే, మా తమ్ముడి విషయంలో. నాకంటే చాలా చిన్నవాడు, మిరప రైతు. కొన్నేళ్ళ కిందట ఒకసారి కోతలప్పుడు తెగ నీరసపడిపోయాడు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. ఎడమ డొక్కలో బరువు, రాత్రిళ్ళు చెమటలు. ఎండ దెబ్బంటూ మజ్జిగ తాగుతూ కూర్చున్న మనిషిని తిట్టి గుంటూరు తీసుకెళ్ళాను. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగాయన్నారు. మిగతా పరీక్షల్లో దీర్ఘకాలిక లుకేమియా అని తేలింది.

"క్యాన్సరే గానీ నెమ్మదిగా పెరిగే రకమండీ. రోజూ మాత్ర మానకుండా వేసుకుంటే చాలామంది మామూలుగానే బతుకుతున్నారు" అన్నారు డాక్టరు గారు. అలాగే కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత ఆ మాత్ర పనిచేయడం మానేసింది. మాత్ర మార్చినా లొంగలేదు. ఇక రక్తం తయారయ్యే ఎముక మజ్జనే మార్పిడి చేద్దామన్నారు. నా కణాలు వాడికి సరిపోయాయి. తీరా చూస్తే వాడే ఒప్పుకోలేదు. "ఉన్న మజ్జంతా మందులతో చంపేత్తారంట. ఇంక నాకేం మిగులుద్దక్కా?" అని పిల్లాడిలా మొండికేశాడు.

అప్పుడు వాడు పుట్టకముందు కాలిన ఆ మడి సంగతి చెప్పాను. మజ్జను ఖాళీ చేసేది కొత్త విత్తనం చల్లడానికేనన్నాను. పొలం మనిషి కదా, "సరే, చల్లు" అన్నాడు.

నాకు కొన్ని రోజులు ఇంజెక్షన్లు చేసి, చేతి నరం గుండా, కొత్త మజ్జకు విత్తనంలాంటి మూలకణాలు తీసుకున్నారు. మందులతో వాడి మజ్జను ఖాళీ చేశాక, వాటిని రక్తం ఎక్కించినట్టే వాడికి ఎక్కించారు. అవి కుదురుకునే దాకా ఏ జబ్బూ అంటకుండా వాడిని ఒంటరి గదిలో ఉంచారు. జ్వరాలొచ్చాయి, నోరు పూసింది, నేను దొరికిన దేవుడికల్లా మొక్కాను. ఒక ఉదయం డాక్టరు గారు కొత్త కణాలు పుడుతున్నాయని చెబితే ఆ వరండాలోనే బావురుమన్నాను.

జాగ్రత్తలు, పరీక్షలు ఇంకా ఉన్నాయి. అయినా వాడు మళ్ళీ చేలోకి వెళుతున్నాడు. పూర్తిగా పోగొట్టుకున్నట్టు కనిపించే చోట కూడా ఇంకొంచెం ఆగి చూడటం తాతయ్య నాకు నేర్పాడు, ఈ వయసులోనూ నేను దాన్ని వదల్లేదు. మొన్న డాక్టరు గారు తమ్ముడి రక్తం గ్రూపు మారిందని చెప్పారు. పుట్టుకతో వచ్చింది పోయి, ఇప్పుడు వాడిది నా గ్రూపేనట.