ఎలీషా మార్చని మొదటి లైను

పొద్దున్నే టీ కంటే ముందు ఎలీషా పాత ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాములను చదివి నడిపే పైథాన్ అందులో ఎక్కడుందని లినక్స్‌ని అడుగుతాడు. /usr/bin/python3 అని జవాబు వస్తుంది. చదివి మూసేస్తాడు. ఆ ల్యాప్‌టాప్‌తో అతనికి ఇప్పుడు వేరే పనేమీ లేదు.

"రోజూ అదే అడగడమేటి? రాత్రికి రాత్రి ఇల్లు మారిపోద్దా?" అంటుంది భార్య సుగుణ, నర్సు డ్యూటీకి తయారవుతూ. అతను నవ్వడు.

మొన్నమొన్నటిదాకా అతను రాయ్‌పూర్ టాటీబంధ్‌లో పరదేశి నడిపే చిన్న కంపెనీలో ప్రోగ్రామర్. లారీ ఆఫీసులకు బిల్టీలు, అంటే సరుకు రసీదులు, అచ్చువేసే స్క్రిప్టులు రాసి, ప్యాకేజీగా కట్టి ఇచ్చేవాడు. కంపెనీ నిలబడింది ఒకే ఒక్క పెద్ద ట్రాన్స్‌పోర్టు మీద. అది పోతే అతని ఉద్యోగమూ పోతుంది.

ఏ పైథాన్ తనను చదవాలో స్క్రిప్టు తన మొదటి లైనులో చెబుతుంది. అక్కడ /usr/bin/python3 అని పూర్తి చిరునామా రాయవచ్చు, లేదా వెతికి ముందు కనిపించినదాన్ని తీసుకోమనవచ్చు. ఎలీషా తన ల్యాప్‌టాప్‌లో రెండు మూడు పైథాన్‌లు మార్చి మార్చి వాడేవాడు కనుక వెతకమనే రాసుకునేవాడు. ప్యాకేజీ కట్టేటప్పుడు మాత్రం చిరునామా రాయాలి. ఎందుకంటే ప్రింటింగుకు కావలసిన లైబ్రరీని, అంటే సిద్ధంగా ఉన్న కోడ్‌ని, ప్యాకేజీ సిస్టంతో పాటు వచ్చే పైథాన్‌కే జతచేస్తుంది, ఇంకోదానికి కాదు. ఇది అతనికి తెలుసు. తన దగ్గర బాగానే నడుస్తోంది కదా అని వదిలేశాడు.

దసరా ముందు, ట్రాన్స్‌పోర్టు అకౌంటెంట్ హేమంత్ ఏదో ఆన్‌లైన్ కోర్సు కోసం ఆఫీసు కంప్యూటర్‌లో కొత్త పైథాన్ వేసుకున్నాడు. మర్నాడు స్క్రిప్టు వెతికింది. కొత్తది ముందు దొరికింది. అందులో లైబ్రరీ లేదు. ఒక్క బిల్టీ రాలేదు, లారీలు హైవే దాకా నిలిచిపోయాయి.

"ఏటయింది ఎలీషా? డ్రైవర్లు గాలీలు ఇస్తన్నారు, బూతులు తిడతన్నారు!" పరదేశి ఫోనులో అరిచాడు.

"తప్పు నాదే అన్నా. ఒక్క లైను. ఇప్పుడే మార్చేస్తాను."

"ఒక్క లైనా! అది ముందే రాయడానికి సెయ్యి నొప్పెట్టిందేటి?"

మార్చాడు. బిల్టీలు వచ్చాయి. కానీ అప్పటికే పండగ సరుకు సగం వేరే ట్రాన్స్‌పోర్టుకు వెళ్ళిపోయింది. దీపావళి దాటాక పరదేశి అతన్ని బయట టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ట్రాన్స్‌పోర్టోళ్ళు ఇంకో కంపెనీని సూసుకున్నారు భాయ్. నాను కూడా షట్టర్ దించేస్తన్నా."

ఎలీషా ఇద్దరి టీకీ డబ్బులిచ్చాడు.

తరువాత నయా రాయ్‌పూర్‌లో ఇంటర్వ్యూలకు వెళ్ళాడు. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగినచోటల్లా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"కంపెనీ మూతపడిందని సెప్తే సాలదా?" అని సుగుణ ఏడ్చింది. ఎక్కడి నుంచీ మళ్ళీ ఫోను రాలేదు.

ఎలీషా ఇప్పుడు ధర్సీవాలో ఒక ఇనుప ఫ్యాక్టరీ కాటా దగ్గర లారీల బరువు టైపు చేస్తాడు. అక్కడి కంప్యూటర్‌లో లినక్స్ లేదు.