వంకర జేబు

చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో, లోకమంతా నా చేతి మరమ్మతు కోసమే ఎదురుచూస్తోందని నేను గట్టిగా నమ్మాను. ఆ వయసులో అందరికీ అలాగే ఉంటుందో ఏమో తెలియదు. ఇప్పుడు బస్సులో నా పక్కన కూచున్న మనిషి చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నా, చూసి ఊరుకోవడం నేర్చుకున్నాను. అప్పుడు ఊరుకోవడమంటే నాకు ఉద్యోగధర్మం తప్పడం. మెకానికల్ డిప్లొమాలో మిగతా పాఠాలు ఎలా గట్టెక్కానో గానీ, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అన్న పాఠం మాత్రం నాకు నచ్చింది. పనిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్కకు ఎంతసేపు పడుతుందో చూసి, అక్కర్లేని కదలికలు తీసేయడం. వస్తువు తయారు కాకముందే దాని ఖర్చు అంచనా కట్టడం. తయారయ్యాక అది గడప దాటడానికి తగినదో కాదో తేల్చడం. ఇంత చక్కటి చదువు ఉండగా మనుషులు ఇంకా ఇష్టమొచ్చినట్టు ఎందుకు బతుకుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

మా ఊరు బళ్లారి. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లు ఇక్కడ వీధికొకటి దొరుకుతాయి. అలాంటి ఒకదానిలో నన్ను క్వాలిటీ చెకింగ్‌లో ట్రైనీగా తీసుకున్నారు. అప్పుడప్పుడు స్టాప్‌వాచ్ ఇచ్చి, ఏ పనికి ఎంతసేపు పడుతుందో రాసుకు రమ్మనేవారు. మిగతా సమయమంతా చెకింగ్ టేబుల్ దగ్గరే. పీసు తీసుకోవాలి, తిప్పి చూడాలి, తప్పున్న చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి, సరిచేయడానికి ‘ఆల్టర్’ గంపలో వేయాలి. మా సెక్షన్ పెద్దాయనను అందరూ మాస్టర్ అనేవారు. మొదటి రోజే ఆయన నాకు మంత్రోపదేశం చేశాడు: “పీసును చూడమ్మా, కుట్టినోళ్ల మొకం చూడొద్దు. మొకం చూస్తే నీ చేత రిజెక్టు గాదు.” ఈ ఉపదేశాన్ని నేను ఎంత శ్రద్ధగా పాటించానంటే, చేరి చాలా రోజులైనా కుట్టేవాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. వాళ్లకు మాత్రం నా పేరు తెలుసు. అసలు పేరు కాదు, వాళ్లు పెట్టిన పేరు. నేను వస్తుంటే “బాణ బంతు”, బాణం వచ్చిందని, కన్నడంలో ఒకరికొకరు హెచ్చరించుకునేవారు. (అది మెచ్చుకోలు అని నేను చాలా కాలం అనుకున్నాను.)

యూనిట్‌లో మొదలైన జబ్బు ఇంటికీ పాకింది. బ్రూస్‌పేటలో మాది రెండు గదుల ఇల్లు. పరదా అంచు ఎగుడుదిగుడుగా ఉంటే దాని మీద ఎర్ర బాణం. గోడకు ఓరగా వేలాడే క్యాలెండరు మీద ఎర్ర బాణం. వంటింట్లో అమ్మ అనవసరంగా నడుస్తోందని తేల్చి, డబ్బాలన్నీ దగ్గరికి సర్దేశాను. దాంతో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక ఆ పూట పప్పు చప్పగా తయారైంది. ఒకరోజు అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే వెనక స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను.

“ఏందే అది?”

“రొట్టెకు ఎంతసేపు పడతాందో చూస్తాండా. దానికి అలసట కోసమని కొంచెం కలుపుతాం. మంచినీళ్లు తాగేదానికి, కాళ్లు చాపుకునేదానికి.”

అమ్మ తట్టడం ఆపి నా వైపు తిరిగింది. “పని చేసేటోళ్లకు అట్ల కలుపుతారా?”

“కలపాల్సిందే, అది రూలు.”

“అయితే నాకు ఎంత రాసినావు?”

నేను ఏమీ రాయలేదు. ఇంట్లో పనికి ఆ అలసట లెక్క ఉంటుందని నాకు తోచలేదు. అమ్మ మళ్లీ రొట్టె తట్టడం మొదలుపెట్టి, “పో, ఆ గడియారం ఆడ పెట్టి రొట్టెలకు నెయ్యి పుయ్యి పో” అంది. ఆ మాట నాలో కొంచెం గుచ్చుకుంది గానీ, ఎక్కువసేపు నిలవలేదు. ఆ వయసులో నాలో ఏదీ ఎక్కువసేపు నిలిచేది కాదు, ఇతరుల తప్పులు తప్ప.

అలాంటి రోజుల్లో నాకు పెళ్లిచూపులు వచ్చాయి. అబ్బాయిది సిరుగుప్ప దగ్గర కెంచనగుడ్డ. సిరుగుప్పలో ఒక బియ్యం మిల్లులో పని. తండ్రి లేడు, తల్లే పెంచింది. ఆదివారం పూట తల్లీకొడుకులు, వెంట ఒక చుట్టం, మా ఇంటికి వచ్చారు. అమ్మ చిత్రాన్నం చేసింది. మా నాయన లారీ ఆఫీసులో గుమస్తా, మామూలుగానే మాటలు తక్కువ. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాక అవి కూడా పోయాయి. అబ్బాయి పళ్లెం మీదికి తల వంచుకుని మెతుకులను వేలితో పక్కకు జరుపుతూ తిన్నాడు. సిగ్గరి అనుకున్నాం. ఆ తర్వాత అతనికి మిల్లు నుంచి ఫోను వచ్చింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మాకు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నేను కాఫీల పళ్లెంతో లోపలికి వచ్చాను.

నేను అతని ముఖం చూడలేదు. ఎత్తు చూడలేదు, రంగు చూడలేదు. నా కళ్లు, జీతమిచ్చి అలవాటు చేసిన కళ్లు, తిన్నగా ప్యాంటు వెనక జేబు మీదికి పోయాయి. ఎడమ జేబు ఒక మూల కిందికి జారి ఉంది. కుట్టు మధ్యలో తప్పి మళ్లీ మొదలైంది. దారం రంగు కూడా కుడి జేబు దారానికి సరిపోలేదు.

“ఎడమ జేబు వంకర. ఆల్టర్‌కు పంపాల” అన్నాను.

మనసులో అనుకున్నానని ఈరోజుకీ ప్రమాణం చేస్తాను. కానీ మాట బయటికే వచ్చింది. గ్లాసు అందుకోబోయిన అబ్బాయి తల్లి చెయ్యి అలాగే ఆగిపోయింది.

“ఏమంటివమ్మీ?”

అక్కడ నేను తప్పించుకోవచ్చు. కాఫీ చల్లారుతోందనో, ఇంకేదో అనవచ్చు. కానీ వృత్తి గురించి ఒకరు అడిగారు కదా అని నేను పళ్లెం కింద పెట్టి, వేలితో చూపిస్తూ వివరించాను. జేబు రెండు మూలలూ నడుం పట్టీ నుంచి సమానమైన దూరంలో ఉండాలనీ, దారం ఒకటే ఉండాలనీ, మా టేబుల్ దగ్గరికి వస్తే ఇది పాసయ్యే పీసు కాదనీ.

“నా కొడుకు పాసు గాడా?” అందామె.

“అయ్యో, మీ కొడుకు గాదు, ఎనక భాగం మాత్రమే” అన్నాను. అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నాయన క్యాలెండరు వైపు తిరిగి తిథి చూడసాగాడు. ఇక ఆ అబ్బాయి, ఫోను చెవికి పెట్టుకునే, తన తోకను తాను చూడబోయే దూడలాగా అక్కడక్కడే తిరుగుతూ జేబు కోసం వెతుక్కున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే నన్ను కాపాడుదామనుకున్నాడు కాబోలు, “పనోళ్లకు అట్లే అవుతాదిలేమ్మా” అని తల్లితో అన్నాడు. “నేను గూడా మిల్లులో బియ్యం చెక్ చేస్తా కదా. ఈ చిత్రాన్నంలో నూకలు ఎన్నుండాయో నాకు తినేటప్పుడే తెలిసిపాయ. ఎవరిస్తారు మీకు ఈ బియ్యం?”

అప్పటిదాకా ఒక్క తల్లికే కోపం ఉండేది. ఇప్పుడు ఇద్దరికీ వచ్చింది. అమ్మ నోట్లోంచి చెంగు తీసేసింది. “మా ఇంటి బియ్యానికి వంక పెట్టేదానికి వస్తిరా?” “పిల్లోన్ని ఎనక్కి తిప్పి చూసేది యా ఊరి పద్ధతమ్మా?” అని ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. అబ్బాయి తల్లి లేచింది. “లేయప్పా, పోదాం. ఊట చేసింది సాకు, తిన్నది చాలు.” వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె నా వైపు చూసింది. కోపమే అనుకున్నాను. కానీ ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అవి ఎందుకో నాకు అంతు చిక్కలేదు. జేబుకు ఏడుస్తారా ఎవరైనా?

మరునాడు సాయంత్రం నాయనకు ఫోను వచ్చింది. ఆ అబ్బాయే. ముందు బియ్యం మాటకు క్షమించమన్నాడు. తర్వాత చెప్పాడు: ఆ జేబు ఫ్యాక్టరీలో కుట్టింది కాదు. బండి సీటు మేకుకు తగిలి చిరిగిపోతే వాళ్లమ్మ కుట్టింది. ఆయమ్మ మిషను కుట్టి అతన్ని చదివించింది. ఇప్పుడు చూపు మందగించి, మిషను వదిలేసింది. పెళ్లిచూపులకు మంచి ప్యాంటు వేసుకోవాలని, చాలా రోజుల తర్వాత కూచుని, తడుముకుంటూ ఆ ఒక్క జేబు కుట్టింది. “తప్పు మీ పాపది గాదప్పా, ఆయమ్మికి తెల్దు కద. ఊరికే మీకు చెప్దామని చేసినా” అన్నాడట. నాయన ఫోను పెట్టేసి, ఇదంతా తన మామూలు గొంతుతో నాకు చెప్పి, పేపరు చదువుకోసాగాడు. నేను అన్నం దగ్గర కూచున్నాను గానీ తినలేకపోయాను.

“నేను పోతా. పోయి ఆయమ్మతో మాట్లాడతా” అన్నాను.

“మగపిల్లోని ఇంటికి మనమే పోయేదా? యాడన్నా ఉండాదా?” అంది అమ్మ.

నాయన పేపరు పక్కన పెట్టాడు. “సంబంధం అడిగేదానికి గాదు, మాట అన్నందుకు. దానికి యా ఊరైతే ఏంది. పొద్దున్నే బస్సుకు పోతాం.”

సిరుగుప్ప దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రెండు వైపులా వరి మళ్లు. దారంతా నేను క్షమాపణ వాక్యాన్ని కూర్చుకుంటూ వెళ్లాను. అక్కర్లేని మాటలు తీసేసి, చిన్నదిగా, తప్పు లేకుండా. ఆమె వాకిట్లోనే ఉంది. “రాండప్పా” అని నాయనను పిలిచింది. నన్ను ఏమీ అనలేదు. అంతే, నా వాక్యం ఎగిరిపోయింది. మిగిలింది ఒక్కటే: “ఆ ప్యాంటు ఇస్తే, నేను సరి చేస్తా.”

ఆమె లోపలికి వెళ్లి ప్యాంటు తెచ్చింది. మూలనున్న మిషను మీది గుడ్డ తీసి, ప్యాంటు దాని మీద పెట్టింది. “కుట్టు” అంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. వెనక జేబు కుట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఎంత దారం పోతుందో, దాని ఖర్చు ప్యాంటు ధరలో ఎంతో తెలుసు. ఏ మూలలో కుట్టు తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో కూడా తెలుసు. మిషను ముందు మాత్రం నేను అంతకుముందు ఎప్పుడూ కూచోలేదు. నేను సరి చేస్తానన్నది మా యూనిట్‌కు తీసుకుపోయి కుట్టించి తెద్దామని. కానీ ఆ తల్లి ముఖంలోకి చూసి ఆ మాట అనలేకపోయాను. కూచున్నాను.

పాత కుట్టు విప్పడమైతే విప్పాను. తర్వాత తొక్కితే చక్రం వెనక్కి తిరిగింది. మళ్లీ తొక్కితే సూది విరిగింది. నాయన వీధిలోకి చూస్తూ, ఎవరో తెలిసినవాళ్లు పోతున్నట్టు మెడ చాచాడు. ఆమె కొత్త సూది బిగించి ఇచ్చింది. దారం ఎక్కించడం ఆమె కంటికి సాధ్యం కాలేదు, అది నేను ఎక్కించాను. కింద దారం ఉండ కట్టింది, విప్పదీశాను. గుడ్డ మడతలు పడి మందంగా ఉన్న చోట మిషను మూలిగింది, నేనూ మూలిగాను. చివరికి చెమట తుడుచుకుని, జేబు కుట్టడం పూర్తయిందని ప్రకటించాను.

ఆమె ప్యాంటును కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. ముందు ఒక పక్కకు ఒరిగిన జేబు ఇప్పుడు రెండో పక్కకు, ఇంకా ఎక్కువగా ఒరిగి ఉంది. తర్వాత ఆమె జేబులోకి చెయ్యి పెట్టబోయింది. రెండు వేళ్లు పోయాయి. మిగతావి పోలేదు. సగం దాకా జేబు నోరు కుట్టేశాను.

ఆమె భుజాలు కదలడం చూసి, మళ్లీ ఏడిపించానే అనుకున్నాను. కానీ ఆమె నవ్వుతోంది. ముందు శబ్దం లేకుండా, తర్వాత గోడకు చెయ్యి ఆనించుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “ఏమమ్మీ చెకింగ్ మేడం,” అంది ఊపిరి తిప్పుకుని, “ఇది పాసా, ఫెయిలా?”

“ఫెయిలు” అన్నాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “అమ్మా, ఆ పొద్దు నేను... మీరు కుట్టినారని నాకు తెల్దు.”

“తెలిస్తే అనవేమో. అప్పుడు నా కొడుకు వంకర జేబుతోనే తిరుగుతాండె” అని ఆమె నా చేతిలోని దారం పోగు తీసేసింది. “కుట్టేటప్పుడు గుడ్డను గుంజొద్దు. అదే పోతాది. నువ్వు దోవ చూపిస్తే సాలు. లే, చేతులు కడుక్కోండి, ఊట చేద్దురు.”

మేము తింటుండగా అబ్బాయి మిల్లు నుంచి వచ్చి, ప్యాంటు చూసి, ఏమీ అనకూడదని తల్లి కంటితో సైగ చేస్తే, నీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి పారిపోయాడు. లోపల నుంచి దగ్గు వినిపించింది. తిరుగు ప్రయాణంలో నాయన చాలాసేపటికి నోరు విప్పాడు: “నీ కుట్టు చూసి సిగ్గైంది. కానీ మంచి ఇల్లు.” ఆయన జీవితంలో ఒకేసారి రెండు వాక్యాలు మాట్లాడటం అరుదు.

ఆ ఇంటికే నేను కోడలినయ్యాను. అమ్మ ఒక్కటే షరతు పెట్టింది, అల్లుడు మా ఇంట్లో బియ్యం ఊసెత్తకూడదని. అతను మాట తప్పలేదు. తినేటప్పుడు ఒక్కోసారి మెతుకుల వైపు దీర్ఘంగా చూస్తాడు, అంతే. ఇక యూనిట్‌లో, కెంచనగుడ్డ నుంచి తిరిగొచ్చాక, నేను మధ్యాహ్నం తిండి తొందరగా ముగించి, జేబులు కుట్టే మిషన్ల దగ్గరికి వెళ్లి కూచోవడం మొదలుపెట్టాను. మొదట వాళ్లు అనుమానంగా చూశారు. నేను కుట్టింది చూశాక అనుమానం పోయింది, జాలి మొదలైంది. ఆ జాలిలోనే ఒక్కొక్కరి పేరూ తెలిసింది. రిజెక్టు చేయడం మానలేదు, అది నా పని. కానీ పీసును గంపలో విసరకుండా చేత్తో పట్టుకుపోయి, “అక్కా, ఈ మూల ఒకసారి చూడు” అనేదాన్ని.

మా అత్త ఇప్పుడు లేదు. నాకు కూడా దగ్గరి అక్షరాలకు అద్దాలు వచ్చాయి. ఒక్కోసారి అద్దాలు తీసి తుడుచుకుంటూ, కాఫీ పళ్లెం పక్కన పెట్టి పరాయి మనిషి జేబు గురించి పాఠం చెప్పిన ఆ పిల్లను తలచుకుంటాను. ఎంత నమ్మకం ఆమెకు! ఇప్పుడు ఎదురైతే నేను ఆమెకు ఏ బుద్ధీ చెప్పను. ఎదురుగా కూచుని, నాలో ఏమేం లోపాలున్నాయో ఆమెనే చెప్పమంటాను. చాలానే చెబుతుంది, వేలితో చూపిస్తూ, కాస్త కూడా మొహమాటం లేకుండా. విన్నాక ఒక్కటి మాత్రం అడగాలని ఉంటుంది, మొత్తం మీద నేను గడప దాటదగిన పీసునేనా అని. అడగడానికి కొంచెం భయమేస్తుంది.