నాయకరు ముందర ఎత్తకూడని మాట

తిరుమలసామి నాయకరు ముందర వయసు మాట ఎత్తకూడదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళన్నిటికీ తెలిసిన సంగతి ఇది. తెలియనివాళ్ళు ఒక్కసారి ఎత్తి తెలుసుకునేవారు.

పత్తి సంతలో ఒక దళారి "పెద్దాయనా, ఇట్లా నీడకు రండి" అన్న పాపానికి, ఆయన పొద్దుగూకేదాకా ఎండలోనే నిలబడ్డాడు. ఊరికే నిలబడలేదు, దళారినీ నిలబెట్టాడు. రైల్లో ఎవరో లేచి చోటిస్తే, "నేనేమి కూలబడేవాడి మాదిరి ఉండానా?" అని సాత్తూరు దాకా పోట్లాడాడు. ఖాళీ అయిన చోట్లో మూడో మనిషెవరో కూర్చుని హాయిగా నిద్రపోయాడు.

ఆయనకు జుట్టు నెరిసిన నాటి నుంచీ ఈ కోపాన్ని భార్య బొమ్మక్క భరిస్తూనే వచ్చింది. ఒక ఎండాకాలం ఆమెకు దప్పిక పట్టుకుంది. ఎన్ని నీళ్ళు తాగినా తీరదు. నాలుగడుగులకే ఆయాసం. పెరట్లో ఆమె మూత్రానికి కూర్చున్న చోట చీమలు చేరేవి. ఊరి వైద్యుడు కుమారసామి నాడి చూసి పెదవి విరిచాడు.

"తీపి నీళ్ళు పోతుండాయి నాయకరే. ఈ వయసుకు వచ్చేదే. చేసేదేమి ఉండాది?"

చూడవచ్చిన బంధువులు అవునన్నట్టు తల ఊపారు. బొమ్మక్క కూడా ఊపింది. నాయకరు మండిపడ్డాడు.

"ఎద్దుకు వయసయితే గడ్డి వేసేది మానతామా? కప్పు పాతబడిందని వానలో కూర్చుంటామా? వయసంట, వయసు. చేతకానోడికి దొరికిన మాట అది."

వైద్యుడు మందుల సంచీ మరిచిపోయి మరీ వెళ్ళాడు. మర్నాడే నాయకరు భార్యను విరుదునగర్ తీసుకుపోయాడు. ఊరి పేరు మారి ఏళ్ళయినా ఆయనకది విరుదుపట్టే.

అక్కడి డాక్టరు మూత్రాన్ని నీలం మందు నీళ్ళలో కలిపి కాచాడు. అది ఇటుక రంగుకు తిరిగింది. తరువాత గుండె విన్నాడు.

"చక్కెర ఉంది. గుండె కూడా అలిసింది. వయసు పెరిగేకొద్దీ ఈ రెండూ..."

బొమ్మక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. నాయకరు లేచాడు. "నువ్వూ అదే మాటా?"

"పూర్తిగా వినండి," అని డాక్టరూ గొంతు పెంచాడు. "వయసుతో ముప్పు ఎక్కువవుతుంది, అందుకే జాగ్రత్తా ఎక్కువ కావాలంటున్నాను. వదిలెయ్యమని ఎవరన్నారు?"

నాయకరు కూర్చున్నాడు. వయసు మాట విన్నాక ఆయన కూర్చోవడం బొమ్మక్క చూసింది అదే మొదటిసారి.

"తాటిబెల్లం మానాలి. అన్నం తగ్గించాలి. రోజూ పొద్దున మెల్లగా నడవాలి. మీ వయసెంత? మీకూ పరీక్ష చేస్తాను."

"ఆమెను చూడప్పా," అన్నాడు నాయకరు.

ఇంటికి వచ్చాక తాటిబెల్లం మొత్తం పంచేశాడు. తనూ చప్పటి కాఫీయే తాగుతూ కాఫీని తిట్టేవాడు. నడకకు మాత్రం బొమ్మక్క ఒప్పుకోలేదు.

"పనీపాటా లేకుండా బాట మీద తిరిగితే ఊరు నవ్వతాది మామా."

ఎంత అరిచినా ఆమె కదల్లేదు. ఒక పొద్దున నాయకరు చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, వీధంతా వినేలా చెప్పాడు.

"ఏమే, నాకు వయసయిపోయింది. బాట కనపడలే. చేయి పట్టి పుదూరు బాటలో కొంచెం నడిపించు."

ఎదురింటి పొన్నమ్మాళ్ చేతిలోని ముగ్గు నేలపాలయింది. బొమ్మక్క వచ్చి ఆ చేయి పట్టుకుంది. అది రోకలి మాదిరి గట్టిగా ఉంది. ఆమెకు అర్థమయింది. ఆ చేయి వదలకుండా పుదూరు బాట పట్టింది.

బాటలో కుమారసామి ఎదురయ్యాడు. "ఏమి నాయకరే, వయసయింది గదా?" అని జాలిపడ్డాడు.

నాయకరు దవడలు బిగిశాయి. "అవునప్పా," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

నవ్వు దాచుకోవాలని బొమ్మక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా ముందుకు నడిచింది.

"మెల్లగా పోమే, డాక్టరు మెల్లగానే అన్నాడు," అని గొణుగుతూ ముసలాయన వెనకాలే నడిచాడు.