ఉడుకెక్కే తాళం

కడపలో మా మిద్దె మీది గదికి నాలుగు పక్కలా గోనెసంచులు కొట్టి, ఒక కంప్యూటరు పెట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టాను. ఆడపిల్లకు ఇదేం పని అని ముక్కున వేలేసుకున్నవాళ్లే ఎక్కువ. అప్పుడు రాయచోటి వైపు పల్లె నుంచి ఒక చెక్కభజన గురువు తన జట్టును వెంటేసుకుని వచ్చాడు, సీడీ చేయించుకోవాలని. నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఇది చెడితే ఇంకెవరూ నా మెట్లెక్కరు.

నేర్చుకున్న ప్రకారం ముందు క్లిక్కు పెట్టాను. హెడ్‌ఫోన్లలో టిక్కు టిక్కుమంటూ ఒకే వేగంతో నడిచే చప్పుడది. అందరూ దాన్ని పట్టుకుని పాడితే తర్వాత ఏ ముక్కనైనా కోసి ఎక్కడైనా అతికించుకోవచ్చు. గురువు మొదటి చరణం సగంలోనే హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"ఎవురు పాపా ఈ తాళమేస్తాండేది? ఉడుకే లేదే!"

"కంప్యూటరు, పెద్దనాయనా. దాంతోపాటే మీరు పోవాల."

"అదే మాతో రానీ. మేం దాని ఎనక పోయేది లేదు."

నాకు ఒళ్లు మండింది. పట్టుబట్టి పాడించాను. తాళం ఎక్కడా తప్పలేదు, పాటలో మాత్రం ప్రాణం లేదు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ పాడే చెక్కభజన మెల్లగా మొదలై, పోనుపోను వేగం పెరిగి, చూసేవాళ్ల కాళ్లను కూడా కదిలించాలి. దాన్నే ఆయన ఉడుకు అంటున్నాడు.

క్లిక్కు ఆపేశాను. గదిలో అందరూ కలిసి పాడితే చెక్కల మోతలో గురువు గొంతు మునిగిపోయింది. ఆయన్ను లోపల కిటికీ దగ్గర నిలబెట్టి, రెక్క కాస్త తెరిచి, జట్టును బయట మిద్దె మీద ఆడించాను. గొంతుకొక మైకు, చెక్కలకొకటి, గజ్జెల కోసం నేల దగ్గర ఇంకొకటి. పాట భగ్గుమంది! తీరా చివరి చరణంలో ఒకతని చేతిలోంచి చెక్క జారి టప్పున కింద పడింది.

మళ్లీ పాడించినదాంట్లో ఆ చరణం బాగానే ఉంది కానీ వేగం కాస్త ఎక్కువ. క్లిక్కు లేనిదే అతకదని పుస్తకాలు చెప్పేది ఇందుకే. వాళ్లు ఊరికి వెళ్లాక వింటూ కూర్చున్నాను. ఆ చరణానికి ముందు జట్టంతా "హెయ్" అని కేక వేస్తుంది. సరిగ్గా ఆ కేక మీద కోసి అతికించాను. కేక తర్వాత ఊపు పెరగడం మామూలే కాబట్టి తేడా అందులో కలిసిపోయింది. చెక్కల్ని కుడికీ ఎడమకీ సర్ది గురువు గొంతును మధ్యలో నిలిపాను. నా పనికి నేనే మురిసిపోయాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

వినడానికి అందరూ వచ్చారు. చెక్క జారవిడిచినతను చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"నా చెక్క పడిన సప్పుడు యాడ పోయింది?"

అప్పటికే ఒకడు లేచాడు, వాడి వెనక ఇంకొకడు. వాళ్ల పాటకు వాళ్లే అడుగేస్తున్నారు. తాళం కోసం ఎప్పుడూ గురువు చేతివంక చూసే జట్టు ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని నా వంక చూసి నవ్వాడు.

"పాపా, ఈ పొద్దు గురువువి నువ్వే."