బండి ముఖం ఎటు

పెళ్లయి బందరు వచ్చాక అమ్మ మళ్లీ దివిసీమలో అడుగు పెట్టలేదు. పెద్దమ్మే బస్సెక్కి వచ్చేది. రెండు రోజులుండి, మా గిల్టు నగల కొట్లో స్టూలేసుకుని కూర్చుని, "వీడు అంతే చెప్తాడమ్మా, సగానికడుగు" అని కొనేవాళ్ల చెవిలో ఊది, నా బేరాలు చెడగొట్టి వెళ్లేది. అలాంటి మనిషి మొన్న చలికాలం మొదట్లో స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది గానీ మంచం దిగడం లేదు, రెండు ముద్దలకు మించి తినడం లేదు. రోజూ ఫోన్ చేసి ఒకటే మాట: "చెల్లిని ఒకసారి చూపించరా."

అమ్మ మూడు రోజులు ఆలోచించింది. మా ఇంట్లో ఎవరూ దేనికీ మొదటి మాటకే సరే అనరు.

"వస్తా. ఆ ఇంట్లో మాత్రం పడుకోను. బండిలోనే పడుకుంటా. బండిలో టీవీ ఉండాలి. వాతావరణం కబుర్లు ఎప్పుడు పెడితే అప్పుడు రావాలి."

బండి అంటే, ఏడాది కిందట నేను కొన్న పాత క్యారవాన్. షూటింగుల చుట్టూ తిరిగి అలసిపోయిన టెంపో. లోపల రెండు మంచాలు, ఒక సింకు, పనిచేయని ఏసీ, గోడకో చిన్న టీవీ. పెళ్లిళ్లకూ యాత్రలకూ అద్దెకు తిప్పుదామని, అమ్మినవాడు ఏడ్చేదాకా బేరమాడి కొన్నాను. ఇంటికి తెచ్చుకున్నాక ఏడుపు నా వంతయింది.

"టీవీ ఎందుకమ్మా, ఫోన్లో చూపిస్తాగా" అన్నాను.

"ఫోన్లో ఎవడు పడితే వాడు వాగుతాడు."

"పెద్దమ్మ వాళ్లింట్లో టీవీ ఉందిగా."

"గాలి వీస్తే కరెంటు తీసేస్తారక్కడ. అప్పుడేం చూస్తాను, నీ మొహమా?"

సరే, డిష్ పెట్టిస్తానన్నాను. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి అమ్మకు పదేళ్లు. తాతయ్యకు పెద్దమ్మ వాళ్ల ఊళ్లోనే కిరాణా కొట్టు. అప్పటికి రెండు రోజులుగా ఇంట్లో రేడియో మూగబోయి ఉంది, సెల్లులు అయిపోయాయి. కొట్లో అట్టపెట్టె నిండా కొత్త సెల్లులున్నాయి గానీ, అవి అమ్మే సరుకు. పాతవే ఎండలో పెడితే ఇంకో వారం వస్తాయన్నాడు తాతయ్య. ఎండ రాలేదు. రేడియో పలికి ఉంటే ఏం చెప్పేదో, చెప్పినా అంతమంది ఎటు వెళ్లేవారో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి అమ్మమ్మ, రెండేళ్ల మావయ్య పోయారు. ఈ కథ అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, అదీ సెల్లుల దగ్గర ఆపేసింది. మిగిలింది పెద్దమ్మ చెప్పింది.

డిష్ కోసం గుడివాడ వెళ్లాను. బందరులో దొరకక కాదు, అక్కడ కాస్త తక్కువకిస్తారని ఎవరో అన్నారు. ఆ కాస్తా డీజిలు తాగేసింది. బిగించే ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు.

"బండి మీదకంటున్నారు కాబట్టి తిరిగే స్టాండు తీసుకోండి సార్. మీరెక్కడ ఆపితే అక్కడ డిష్షు తిప్పుకుని సిగ్నల్ పట్టుకోవచ్చు" అన్నాడు.

"బండే తిరుగుతుంది కదండీ. దాని నెత్తి మీద డిష్షు కూడా ఎందుకు తిరగాలి?"

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. "మీకు కొట్టుందా అండీ?"

"ఉందండీ. ఎందుకు?"

"ఏం లేదండీ. తెలుస్తోంది."

దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. స్టాండు మానేసి, పైగా పది మీటర్ల కేబుల్ కొసరు వేయించుకుని, గోతుల్లో కదలకుండా డిష్‌ను కప్పుకు వెల్డింగ్ చేయించాను. అప్పుడు బండి ఆయన కొట్టు ముందు దక్షిణ ముఖంగా ఆగి ఉంది. డిష్ కాస్త ఎడమకు, ఆగ్నేయం వైపు ఆకాశంలోకి చూస్తోంది. బొమ్మ అద్దంలా వచ్చింది.

బందరు వచ్చి ఇంటి ముందు తూర్పు ముఖంగా ఆపి టీవీ పెడితే, సిగ్నల్ లేదని నీలం తెర. దక్షిణానికి తిప్పితే వచ్చింది. పడమరకు తిప్పితే పోయింది. నేను మిగిల్చింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ బండి ఏ ఊరికైనా వెళ్తుంది గానీ, దక్షిణానికి తిరిగి నిలబడితేనే దానికి చూపు. ఆ వెల్డింగ్ ఊడగొట్టిస్తే కప్పు చిల్లు పడుతుందన్నారు. అక్కడ కూడా దక్షిణానికి తిప్పి ఆపితే పోలా అనుకుని, అమ్మకు చెప్పకుండా ఊరుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పలేదు. బయలుదేరే రోజు పొద్దున పేపర్లో, బంగాళాఖాతంలో అల్పపీడనమని నాలుగు లైన్లు పడ్డాయి. ఆ పేపరు మడిచి గల్లాపెట్టె కింద పెట్టేశాను. ఇప్పుడాగితే అమ్మ మళ్లీ సరే అనదు, పెద్దమ్మకు అంత వ్యవధి ఉందో లేదో తెలియదు. దారి పొడవునా నాకు రెండు భయాలు. టీవీ రాకపోతే అమ్మ దిగదు. వస్తే అల్పపీడనం సంగతి బయటపడుతుంది.

చల్లపల్లి దాకా అమ్మ మాట్లాడుతూనే ఉంది. కృష్ణ పాయ మీద వంతెన ఎక్కగానే కళ్లు మూసుకుంది. "అయిందా?" అంది. "అయింది." అవనిగడ్డ దాటాక సీటు అంచు పట్టుకున్న చెయ్యి ఇక వదల్లేదు. కోడూరు అవతల పెద్దమ్మ వాళ్ల ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆకాశం మబ్బుగా ఉంది. వీధి ఉత్తర దక్షిణాలుగా ఉండడం చూసి నా ప్రాణం కుదుటపడింది. దక్షిణానికి ముఖం పెట్టి ఇంటి ముందు ఆపాను.

"ఇటెందుకు ఆపావు?" అంది అమ్మ.

"ఎటు?"

"ఇటు సముద్రం. బండి ముఖం బందరు దారికి పెట్టు. ఏదన్నా అయితే ఈ సందులో ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ కూర్చుంటావా?"

అది కూడా ఒక షరతని నాకు ముందు చెప్పలేదు. బండి ఉత్తరానికి తిప్పాను. టీవీ పెట్టమంది. పెట్టాను. నీలం తెర. ఇక నిజం చెప్పక తప్పలేదు, స్టాండు సంగతితో సహా. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అయితే టీవీ కావాలంటే సముద్రం వైపు నిలబడాలి" అంది మెల్లగా.

"ఒక్క పది నిమిషాలమ్మా. చూసి మళ్లీ తిప్పేస్తా."

"అయిదు."

మళ్లీ దక్షిణానికి తిప్పాను. ఈలోగా వదిన, అంటే పెద్దమ్మ కోడలు, గుమ్మంలోకి వచ్చింది. "ఏంటి మరిదిగారూ, మా వీధి కొలుస్తున్నారా? రెండెకరాల చేపల చెరువుంది, అదీ కొలిచి పెట్టండి" అంది. నవ్వే ఓపిక నాకు లేదు. బొమ్మ వచ్చింది. రెండు ప్రకటనల తరువాత వచ్చేసింది కూడా: ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం, తమిళనాడు వైపు కదిలే అవకాశం, కోస్తాలో అక్కడక్కడా వానలు.

అమ్మ తెర వైపు కాదు, నా వైపు చూసింది. "నీకు తెలుసు."

"పొద్దున పేపర్లో చూశా. తమిళనాడుకే అంటున్నారుగా."

"అవకాశం అంటున్నారు."

నాలాంటివాడు సరుకు లోపం దాచి అమ్ముకోవచ్చు. కానీ కొనే మనిషి అమ్మ. ఆమె మంచం అంచు గట్టిగా పట్టుకుంది. వెళ్లిపోదామంటే వెనక్కి తిప్పేద్దామనుకున్నాను, తాళం మీద చెయ్యి కూడా వేశాను.

అప్పుడు లోపలి గదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. సన్నబడింది గానీ పొగరు తగ్గలేదు. "ఏమే, గుమ్మం దాకా వచ్చి బండిలో కూర్చుని టీవీ చూస్తున్నావా? ఏం బొమ్మే అది? నేను లేచి రాలేనని తెలిసే కదే ఈ వేషాలు!"

అమ్మ టీవీ తనే కట్టేసింది.

"బండి తిప్పు. బందరు వైపే."

"టీవీ రాదమ్మా."

"రానక్కర్లా. నువ్వు దిగకు. తాళం తియ్యకు. ఆకాశం చూస్తూ ఉండు, ఏమాత్రం తేడా ఉన్నా హారన్ కొట్టు." చెప్పులు బండిలోనే వదిలేసి దిగి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

నేను సీట్లో కూర్చున్నాను. ముందు అద్దంలో బందరు దారి, పక్క అద్దంలో వెనకనున్న సముద్రం వైపు మబ్బు. ఆకాశాన్ని నేనెప్పుడూ అంతసేపు చూడలేదు. ప్రతి మబ్బూ ఇందాకటి కంటే నల్లగా ఉన్నట్టే ఉంది. కాసేపటికి చినుకులు మొదలయ్యాయి, కొబ్బరాకులు ఒక పక్కకు వాలాయి. హారన్ మీద రెండుసార్లు చెయ్యి వేసి తీసేశాను. చివరికి ఉండబట్టలేక లోపలికి పరుగెత్తాను.

అమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని పప్పన్నం కలుపుతోంది. "ఈ పప్పులో ఉప్పేదే? అందుకే తినడం లేదు ఈవిడ" అని వదినను కేకలేస్తోంది. పెద్దమ్మ నోరు నిండా అన్నంతో నన్ను చూసి కళ్లతో నవ్వింది.

"అమ్మా, వాన పడుతోంది. వెళ్దామా?"

"గాలి ఎట్నుంచి?"

"తూర్పు నుంచనుకుంటా."

"అనుకోవడమేంటి? సరిగ్గా చూడు. నేను అడిగినప్పుడల్లా వచ్చి చెప్పు."

"ఇంకో పది నిమిషాలుండి బయలుదేరదాం."

"గంట" అంది అమ్మ, ఇంకో ముద్ద చేస్తూ.

"అరగంట."

ఆమె ఆ ముద్ద పెద్దమ్మ నోట్లో పెట్టింది. నేను తడుస్తూ వెళ్లి, గాలి ఎటు వీస్తోందో చూడడానికి వీధి మధ్యలో నిలబడ్డాను.